ఆ ఫొటోలో ఐదో ఆవిడ ఎవరు?

మా అమ్మమ్మ చేతికి ఫోన్ ఇచ్చి ఫొటోలు చూపించడమంటే సాహసమే. వేలితో పక్కకి జరుపు అంటే గట్టిగా నొక్కుతుంది. ఫొటో పెద్దదైపోతుంది. కంగారుపడి ఇంకోచోట నొక్కుతుంది. అలా నొక్కుతూ నొక్కుతూ ఒకసారి మా మేనేజర్‌కి వీడియో కాల్ చేసేసింది. రాత్రి తొమ్మిదిన్నరకి. ఆయన ఎత్తారు కూడా! అమ్మమ్మ తెర వైపు కాసేపు చూసి, “ఇతనెవరే? మిగతా ఫొటోల్లో ఎవరూ కదల్లేదు, ఇతను కదులుతున్నాడు” అంది.

అమ్మమ్మకి 79 ఏళ్లు. అవనిగడ్డలో మావయ్య దగ్గర ఉంటుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆరేళ్లుగా కంపెనీ కోసం కోడ్ రాస్తున్నా. మా ఇంటి కోసం మాత్రం మొన్న సంక్రాంతికే మొదటిసారి రాశా. అదేమీ గొప్ప యాప్ కాదు. కంప్యూటర్‌లో ఉన్న ఫొటోల ఫోల్డర్‌ని బ్రౌజర్‌లో తెరిచి, ఒక్కొక్కటిగా పెద్ద తెర మీద చూపించే చిన్న స్లైడ్‌షో. మొత్తం కలిపి రెండొందల లైన్లు. ఇంజినీరింగ్ రెండో ఏడాది పిల్లలు కూడా ఒక సాయంత్రంలో రాసేస్తారు.

కానీ ఆ రెండొందల లైన్ల వల్ల మా ఇంట్లో ఒక పేరు దొరికింది, పోయింది, మళ్లీ దొరికింది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నా.

తొమ్మిది ఫొటోల ఇల్లు

నా ఫోన్‌లో 14 వేల ఫొటోలున్నాయి. మీ ఫోన్‌లోనూ అటూ ఇటుగా అంతే ఉండొచ్చు. బిర్యానీ ఫొటోలు, స్క్రీన్‌షాట్లు, ఒకే పోజులో పదకొండు సెల్ఫీలు. ఇన్ని ఉన్నా, కూర్చుని చూసేవి ఎన్ని? తీస్తాం, గ్రూపులో పెడతాం, నాలుగు లవ్ సింబల్స్ వస్తాయి, అక్కడితో దాని పని అయిపోతుంది.

మా అమ్మ చిన్నప్పటి ఫొటో ఒక్కటి కూడా లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆవిడ ఎలా ఉండేదో చూపించే కాగితం ముక్క లేదు. కారణం 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. మా వైపు వాళ్లకి ఆ తేదీ చెప్పక్కర్లేదు. వేల మంది పోయారు, ఊళ్లకి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. అప్పట్లో అమ్మమ్మ వాళ్లది నాగాయలంక దగ్గర ఒక పల్లె. పిల్లల్ని తీసుకుని ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీదకి ఎక్కారు కాబట్టి మనుషులు మిగిలారు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే ఇల్లున్న చోట గోడల్లేవు. ట్రంకుపెట్టె లేదు. అందులో పెళ్లి ఫొటో, అమ్మ చిన్నప్పటి ఫొటోలు, తాతయ్య స్కూల్ సర్టిఫికెట్లు ఉండేవట.

అందుకే ఉప్పెనకి ముందటి ఫొటోలు మా వంశం మొత్తానికి తొమ్మిదే. అవి కూడా మా ఇంట్లో లేకపోవడం వల్లే బతికాయి. ఐదు విజయవాడలో చిన్నతాతయ్య ఇంట్లో, నాలుగు మచిలీపట్నంలో అమ్మమ్మ చెల్లెలింట్లో ఉండిపోయాయి.

పోయిన డిసెంబర్‌లో ఆ రెండిళ్లకీ వెళ్లి తొమ్మిదింటినీ ఫోన్‌తో ఫొటో తీసుకున్నా. మావయ్య దగ్గరున్న ఆల్బమ్‌లు, పెళ్లిళ్లు, పాత డిజిటల్ కెమెరా మెమరీ కార్డులో మిగిలినవి, కజిన్స్ పంపినవి, అన్నీ కలిపి ఒక ఫోల్డర్‌లో వేస్తే 612 అయ్యాయి. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు టీవీలో వేసి అమ్మమ్మకి చూపించాలి. ఇదీ ప్లాన్.

యాప్ కాదు, బ్రౌజర్ చాలు

ముందు పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టి చూశా. ఫొటోలొచ్చాయి. కానీ వరస లేదు, మనవడి బారసాల తర్వాత తాతయ్య యవ్వనం వచ్చింది. పైగా ఫొటో కింద ఏదైనా రాసుకునే వీల్లేదు. నాకు అదే కావాలి. ఆ తొమ్మిది ఫొటోల్లో ఎవరెవరున్నారో తెలిసిన మనిషి ఇప్పుడు అమ్మమ్మ ఒక్కతే.

ఫోన్ గ్యాలరీల్లో, కంప్యూటర్ ఫొటో యాప్‌లలో స్లైడ్‌షో ఉంటుంది. చూడ్డానికి మాత్రమే అయితే అవి చాలు. చూస్తూ ఆపి, పేరు టైప్ చేసి, దాన్ని దాచుకోవాలంటే మన సొంతది రాసుకోవడమే తేలిక అనిపించింది. దానికి యాప్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ప్రతి కంప్యూటర్‌లోనూ బ్రౌజర్ ఉంటుంది కదా.

బ్రౌజర్ అంటే వెబ్‌సైట్లు చూసేదే అనుకుంటాం. నిజానికి అది ఫొటోలు చూపించడంలో ఆరితేరిన యంత్రం. వెబ్ పేజీలో అక్షరాల మధ్య బొమ్మ పెట్టే పద్ధతి 1993లో మొజాయిక్ బ్రౌజర్‌తో జనంలోకి వచ్చింది. అప్పట్నుంచి ముప్పై ఏళ్లకి పైగా బ్రౌజర్లు చేసే పెద్ద పనుల్లో ఇదొకటి. మన కంప్యూటర్‌లో ఉన్న ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేస్తే అది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ పేజీలో ఒక బటన్ పెట్టి ‘ఫోల్డర్ ఎంచుకోండి’ అంటే, మనం చూపించిన ఫోల్డర్‌లోని ఫొటోలకి బ్రౌజర్ తాత్కాలికంగా ఒక్కో అడ్రస్ ఇస్తుంది. ఆ అడ్రస్ ఆ ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఫొటో కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు.

స్లైడ్‌షో అనే మాట మాత్రం కంప్యూటర్ల కంటే పాతది. గాజు పలక మీదో, ఫిల్మ్ ముక్క మీదో ఉన్న బొమ్మని దీపం వెలుగుతో గోడ మీద వేసేవాళ్లు. ఆ ముక్కే స్లైడ్. మావయ్యకి ఇది బాగా గుర్తు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి ఊళ్లోని బట్టల కొట్టు, కిరాణా కొట్టు ప్రకటనలు అలాగే వేసేవాళ్లట. “మధ్యలో స్లైడ్ తిరగబడితే అక్షరాలు తలకిందులయ్యేవి, హాలంతా ఈలలు” అన్నాడు. స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీని కొడాక్ 2004లో ఆపేసింది. మాట మాత్రం మన ఫోన్లలో మిగిలింది.

భోగి రాత్రి పరువు పోయింది

భోగి రోజు రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపా. హాల్లో పదకొండు మంది. అమ్మమ్మ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో. నేను ఫోల్డర్ ఎంచుకోగానే బ్రౌజర్ ఒక ప్రశ్న అడిగింది. ఈ 612 ఫైళ్లనూ ఈ సైట్‌కి అప్‌లోడ్ చేయమంటారా, నమ్మకం ఉంటేనే చేయండి అని. మావయ్య కుర్చీలోంచి లేచాడు. “ఆగవే, అప్‌లోడ్ అంటోంది! మనింటి ఆడపిల్లల ఫొటోలున్నాయి అందులో.”

ఆయన భయం న్యాయమైందే. ఏదైనా పేజీకి ఒక ఫోల్డర్ మొత్తం చూసే అనుమతి ఇస్తున్నప్పుడు క్రోమ్ అలా అడుగుతుంది. మనకి తెలియని వెబ్‌సైట్ అయితే ఆ ఫైళ్లు నిజంగానే పంపేసుకోవచ్చు కూడా. నా పేజీలో పంపే లైనే లేదని చెప్పా. చెబితే సరిపోతుందా? వైఫై ఆఫ్ చేసి, కేబుల్ తప్ప ఏమీ లేకుండా మళ్లీ తెరిచి చూపించా. అప్పుడు కూర్చున్నాడు. ఈ పరీక్ష మీరూ గుర్తుపెట్టుకోండి. ‘మీ ఫొటోలు మీ దగ్గరే ఉంటాయి’ అని చెప్పే టూల్ ఏదైనా సరే, నెట్ ఆపేశాక కూడా పనిచేయాలి.

సరే, స్లైడ్‌షో మొదలైంది. మూడో ఫొటోకే అమ్మమ్మ తల పట్టుకుంది. నేను ఉత్సాహం కొద్దీ ఎఫెక్ట్స్ పెట్టా. ఒక ఫొటో డబ్బాలా తిరిగి ఇంకోటి వస్తుంది, ఇంకోటి ఎగిరొస్తుంది. మన పెళ్లి వీడియోల మిక్సింగ్ టైపు. “ఆ తిప్పుడేంటే! కడుపులో తిప్పుతోంది” అంది. ఇంకోపక్క నిలువు ఫొటోలన్నిటిలో తలలు ఎగిరిపోతున్నాయి. తెర నిండా కనబడాలని నేను ఫొటోని సాగదీసి, మిగిలింది కోసేయమన్నా. అడ్డంగా ఉండే టీవీలో నిలువు ఫొటో నింపితే పోయేది తలా, కాళ్లే. తాతయ్య పంచె మాత్రం స్పష్టంగా కనబడింది.

పదిహేనో ఫొటో దగ్గర ట్యాబ్ ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ విమానంలా మోగింది. నా మరదలు “అక్కా, నువ్వు నిజంగా సాఫ్ట్‌వేరేనా?” అంది.

తప్పెక్కడుందో రాత్రి కూర్చుని చూసుకున్నా. ఇది ఎవరికైనా పనికొచ్చే లెక్క. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటో ఫైల్ సైజు మూడు, నాలుగు ఎంబీలే. అది మడత పెట్టిన చీర లాంటిది. తెర మీద చూపించాలంటే మడతలు విప్పాలి. విప్పితే నాలుగు వేల చుక్కల వెడల్పు, మూడు వేల చుక్కల ఎత్తు, ఒక్కో చుక్కకి నాలుగు బైట్లు. అంటే 48 ఎంబీ. జాప్యం ఉండకూడదని నేను అన్నీ ముందే విప్పి సిద్ధంగా పెట్టమన్నా. 612 ఫొటోలూ ఆ సైజువే అనుకుంటే 29 జీబీ పైమాటే. నా ల్యాప్‌టాప్ మెమరీ 16 జీబీ. ఇక ఆగక ఏం చేస్తుంది?

మందు తేలికే. ఎప్పుడైనా మూడు ఫొటోలే విప్పి ఉంచాలి. ఇప్పుడు చూస్తున్నది, దాని ముందుది, దాని తర్వాతది. చూడ్డం అయిపోయినవాటికి ఇచ్చిన తాత్కాలిక అడ్రస్‌ని వెనక్కి తీసుకోవాలి. అప్పుడు బరువు 150 ఎంబీ దాటదు. ఎఫెక్ట్స్ అన్నీ తీసేశా. ఫొటో మొత్తం కనబడాలి, పక్కన ఖాళీ ఉంటే నలుపు ఉండనీ అనుకున్నా.

వరస కూడా అప్పుడే సరిచేశా. ఫొటో తీసిన తేదీ మామూలుగా ఆ ఫైల్ లోపలే దాగి ఉంటుంది. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ వివరం మిగలదు. పాత ఫొటోని ఫోన్‌తో మళ్లీ తీస్తేనో, దానికి ఈనాటి తేదీ పడుతుంది. తాతయ్య 1968 ఫొటో, నిన్నటి ముగ్గు ఫొటో పక్కపక్కనే వచ్చాయి అందుకే. అందుకని తేదీల్ని నమ్ముకోకుండా ఫైల్ పేరు ముందు ఏడాది పెట్టేశా. 1968 పుష్కరాలు, 1984 పెద్దక్క పెళ్లి, ఇలా. తెల్లవారుజాము మూడున్నర అయింది.

అన్నిటికంటే పెద్ద బటన్

సంక్రాంతి మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అన్నీ సరిగ్గా వస్తున్నాయి. ఒక్కో ఫొటోకి ఐదు సెకన్లు. అమ్మమ్మ ఏదో చెప్పబోయే లోపు ఫొటో మారిపోతోంది. “ఉండవే… ఇప్పుడు పోయినావిడ…” అంటుంది. అప్పటికే ఇంకో రెండు పోయాయి. పది సెకన్లు చేశా. అయినా అంతే. పెద్దవాళ్లు ఫొటోని మనలా చూడరని అప్పుడర్థమైంది. మనం ముఖం చూసి జరిపేస్తాం. అమ్మమ్మ ముందు ముఖం చూస్తుంది. తర్వాత చీర, దాని అంచు. ఆ చీర ఎవరు పెట్టారో. వెనక గోడ ఎవరి ఇంటిదో. ఆ తర్వాత మళ్లీ ముఖానికి వచ్చి మాట మొదలుపెడుతుంది.

అందుకని టైమర్ పూర్తిగా తీసేశా. అమ్మమ్మ “ఊఁ” అంటే బాణం గుర్తు నొక్కుతా. అనకపోతే ఫొటో అలాగే ఉంటుంది. స్లైడ్‌షోలో అతి ముఖ్యమైన బటన్ ప్లే కాదు, పాజ్. ఇంకో మీట నొక్కితే ఫొటో కింద రాసుకునే పెట్టె వస్తుంది. అమ్మమ్మ చెబుతుంది, నేను టైప్ చేస్తా.

పేర్లు తెలుగులోనే కొట్టా. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే రమ, రామ, రామా మూడూ ఒకటైపోతాయి. యాభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లకి ఏది నిజమో తెలియదు.

టైప్ చేస్తుంటే ఇంకో సంగతి గమనించా. మగవాళ్లని అడిగితే అమ్మమ్మ పేరు చెబుతోంది. ఆడవాళ్లని అడిగితే పేరు చెప్పట్లేదు. “ఆవిడ మా ఆడపడుచు తోడికోడలు.” “ఈవిడ కరణం గారి రెండో కోడలు.” పేరేంటి అమ్మమ్మా అంటే, “పేరా…” అని ఆగుతోంది. ఇరవై ఏళ్లు పక్క ఇంట్లో ఉన్న మనిషిని కూడా ఎవరూ పేరుతో పిలవలేదు. అక్కా అనో, వదినా అనో, ఫలానా వారి కోడలనో అన్నారు. పేరు కోసం రెండోసారి, మూడోసారి అడగాల్సి వచ్చింది. అడిగితే మాత్రం వచ్చింది. ఒక్కో పేరు వచ్చినప్పుడు అమ్మమ్మే ఆశ్చర్యపోయింది.

అప్పుడు వచ్చింది 1968 ఫొటో. కృష్ణా పుష్కరాలకి విజయవాడ వెళ్లినప్పుడు స్టూడియోలో తీయించుకున్నది. వెనక తోట బొమ్మ ఉన్న తెర. తాతయ్య, అమ్మమ్మ, తాతయ్య చెల్లెలు, ఆవిడ భర్త, కుడి చివర కుర్చీలో ఒకావిడ, ఆవిడ ఒళ్లో పిల్లాడు. అమ్మ అప్పటికి పుట్టలేదు. అమ్మమ్మకి ఇరవై రెండేళ్లకి మించి ఉండవు. టీవీ తెర నిండా ఆ వయసులో ఉన్న తనని చూసుకుని అమ్మమ్మ ఏమీ అనలేదు. కుడి చివర ఉన్నావిడని చూపించింది.

“పెద్దింటి కోడలు. పిల్లాడు బుజ్జిగాడు. ఇద్దరూ ఉప్పెనలో పోయారు. డాబా ఎక్కమని మీ తాతయ్య కేకేశాడు. గేదెని విప్పి వస్తానంది.”

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. పేరు అడిగా. ఈసారి ఆగలేదు, వెంటనే చెప్పింది. టైప్ చేశా. అంతకు ముందు నాకు ఈ మనిషి ఉందనే తెలియదు. మా అమ్మకీ తెలియదు.

సాయంత్రానికి 41 మంది పేర్లు ఎక్కాయి.

నలభై ఒక్కటీ పోయాయి

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నేను ఆ పేర్లని ఎక్కడా సేవ్ చేయలేదు. అవి ట్యాబ్ మెమరీలో ఉన్నాయంతే. బ్రౌజర్‌లోని పేజీ మన కంప్యూటర్‌లో తనంతట తాను ఫైల్ రాయలేదు. మన భద్రత కోసం ఉన్న కట్టుబాటు అది. ‘డౌన్‌లోడ్’ బటన్ ఒకటి పెట్టి, పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌గా దింపుకోవాలి. రాత్రికి రాద్దాంలే అనుకున్నా. గాలిపటాల దగ్గరికి మేడెక్కా. మావయ్య కొడుకు, ఎనిమిదో క్లాసు, గేమ్ ఆడుకోవడానికి ల్యాప్‌టాప్ తీసుకుని, అడ్డంగా ఉందని ఆ ట్యాబ్ మూసేశాడు.

వాణ్ని ఏమనగలను? ఆఫీసులో ఎవరైనా డేటా సేవ్ చేయకుండా ఇలా రాస్తే రివ్యూలో నేనే నాలుగు కామెంట్లు పెడతా. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి తర్వాత చూద్దామనుకున్నా. ఉప్పెనలో పోయినవాటికి సముద్రాన్ని అనొచ్చు. దీనికి నన్నే అనాలి.

ఆ రాత్రి డౌన్‌లోడ్ బటన్ రాశా. ప్రతి పేరు తర్వాతా బ్రౌజర్ సొంత నిల్వలో ఒక కాపీ, ప్రతి పది పేర్లకీ టెక్స్ట్ ఫైల్ ఒకటి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా మారకుండా యూటీఎఫ్-8లో. ట్యాబ్ మూయబోతే ‘నిజంగా మూసేయాలా?’ అని అడిగే లైన్ కూడా పెట్టా. ఇవన్నీ కలిపి పాతిక లైన్లు. ముందే రాసుంటే అరగంట పని.

కనుమ రోజు మధ్యాహ్నం అమ్మమ్మ పక్కన కూర్చుని విషయం చెప్పా. తిట్టలేదు. “పోతే పోయాయిలే, నేనున్నాగా” అంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. 38 పేర్లు తేడా లేకుండా వచ్చాయి. రెండు పేర్లు అమ్మమ్మకి రాకపోతే, నిన్న విన్న పిన్ని అందించింది. కుడి చివర కుర్చీలో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మ ఆగిపోయింది.

“పెద్దింటి కోడలు” అంది. పేరు అని అడిగా. “నిన్న చెప్పాను కదే.” చెప్పింది. పదకొండు మంది విన్నాం. ఒక్కరికీ గుర్తు లేదు. నాకు మొదటి అక్షరం కూడా గుర్తు రాలేదు, టైప్ చేసిన వేళ్లకి కూడా. టైప్ చేశాం కదా అన్న ధీమాతో మనసు దాన్ని వదిలేసింది. అమ్మమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంది. “వస్తుందిలే. పిలిస్తే రాదు. దానంతటదే వస్తుంది” అంది.

ఆ పెట్టె ఖాళీగా ఉంచి హైదరాబాద్ బస్సెక్కా.

మీ ఇంట్లోనూ చేయాలంటే

ఈ కథ విని ఫ్రెండ్స్ ఆ ఫైల్ అడిగారు, పంపా. డల్లాస్‌లో ఉన్న పిన్ని కొడుకు దాన్ని తన ల్యాప్‌టాప్‌లో తెరిచి, వీడియో కాల్‌లో అమ్మమ్మకి స్క్రీన్ చూపిస్తూ వాళ్ల వైపు ఫొటోలకి పేర్లు రాయించుకున్నాడు. మీరూ చేయొచ్చు. నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి.

పాత ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. పగటిపూట వసారాలో, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. ఆల్బమ్ ప్లాస్టిక్ కవర్ మెరుస్తుంది, ఫొటో తేలిగ్గా వస్తేనే బయటికి తీయండి. అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, చిరిగితే మళ్లీ రాదు. ఫోన్‌ని ఫొటోకి సరిగ్గా పైన, వంగకుండా పట్టుకోండి. వెనక వైపు కూడా ఒక ఫొటో తీయండి. స్టూడియో ముద్రో, ఎవరో పెన్సిల్‌తో రాసిన తేదీయో ఉండొచ్చు.

బంధువుల్ని ఫొటోలు అడిగినప్పుడు వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపమనండి. క్వాలిటీ తగ్గదు, తేదీ పోదు. ఐఫోన్ ఫొటోలు కొన్ని హెచ్ఈఐసీ రకంలో ఉంటాయి, అవి క్రోమ్‌లో తెరుచుకోవు. వాటిని ముందే జేపెగ్‌లోకి మార్చుకోండి.

ఫైళ్ల పేర్ల ముందు ఏడాది రాయండి. కచ్చితంగా తెలియకపోతే దగ్గర్లోది. వాటి తర్వాత నంబర్లు వేస్తే 1, 2 అని కాకుండా 01, 02 అని వేయండి. లేకపోతే 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది.

కోడింగ్ వచ్చినవాళ్లకి ఇది ఒక సాయంత్రం పని. రానివాళ్లు ఏఐ చాట్‌బాట్‌ని అడిగినా రాసిస్తుంది. కానీ అడిగేటప్పుడు ఇవన్నీ అడగండి: ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్, ఇంటర్నెట్ వాడకూడదు, ఫోల్డర్ ఎంచుకోవాలి, ఫొటో కోయకుండా మొత్తం చూపించాలి, ఒకేసారి మూడు ఫొటోలే మెమరీలో ఉండాలి, ఫొటో కింద పేర్లు రాసుకునే వీలుండాలి, వాటిని టెక్స్ట్ ఫైల్‌గా దింపుకోవాలి. వచ్చాక వైఫై ఆపి పరీక్షించండి. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చడం మర్చిపోకండి. మాంచి మాట మధ్యలో తెర నల్లబడితే ఆ మాట మళ్లీ రాదు.

ఇంకోటి. కూర్చున్నప్పుడు ఫోన్‌లో ఆడియో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి, పెద్దవాళ్లకి చెప్పే పెట్టండి. నేను ఆ పని చేసుంటే ఆ పేరు పోయేదే కాదు.

ఆడవాళ్ల పేర్లు రెండోసారి అడగండి. కోడలు, వదిన అని చెప్పి ఆపేస్తే, ‘ఆవిడ సొంత పేరు?’ అని అడగండి. అది అడిగే మనిషి మన తరంలో ఉండకపోతే, చెప్పే మనిషి తర్వాతి తరంలో ఉండదు.

ఉదయం ఐదు గంటల కాల్

హైదరాబాద్ వచ్చిన పన్నెండో రోజు, తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ మోగింది. మావయ్య నంబర్. ఆ వేళప్పుడు ఇంటి నుంచి ఫోనంటే గుండె ఆగుతుంది కదా. ఎత్తా. అటు నుంచి అమ్మమ్మ గొంతు, కంగారేమీ లేదు.

“నిద్ర లేచావా? రాసుకో” అంది.

పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. పాలు పొయ్యి మీద పెడుతుంటే వచ్చిందట. మళ్లీ పోతుందేమోనని పొయ్యి కట్టేసి మావయ్యని లేపింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటి ఫైల్లో ఉంది. నేను మంచం మీదే ల్యాప్‌టాప్ తెరిచా. ఫోల్డర్ ఎంచుకుని, 1968 ఫొటో దాకా వెళ్లి, ఖాళీ పెట్టెలో టైప్ చేశా. అమ్మమ్మకి చదివి వినిపించా. “ఆఁ, అదే” అంది.

“మరి పిల్లాడి పేరు అమ్మమ్మా? బుజ్జి కాకుండా అసలు పేరు?”

కాసేపు ఏమీ వినబడలేదు. “బుజ్జిగాడనే పిలిచేవాళ్లం” అంది. “బళ్లో ఏమని రాయించారో…”

సరేలే, గుర్తొస్తే చెప్పు అన్నా. బుజ్జి అని రాసి, పక్కన కొంచెం ఖాళీ వదిలిపెట్టా. డౌన్‌లోడ్ బటన్ నొక్కా. ఫైల్ దిగింది. తెరిచి చూసుకుని, ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కా.